లాల్‌బాగ్ పూల ప్రదర్శనకి వెళ్తే కుండీల వైపు నడవండి

బెంగళూరు లాల్‌బాగ్‌లో ఏటా రెండు పూల ప్రదర్శనలు జరుగుతాయి. జనవరి 26కి ఒకటి, ఆగస్టు 15కి ఒకటి. కర్ణాటక ఉద్యానశాఖ, మైసూరు హార్టికల్చరల్ సొసైటీ కలిసి నడుపుతాయి. హిందూపురం, అనంతపురం, చిత్తూరు వాళ్ళకి ఇది పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చే దూరమే. మొక్కలు పెంచేవాళ్ళు ఒక్కసారైనా చూడాల్సిన ప్రదర్శన. అయితే చాలామంది చూసి వచ్చేది అందులో తక్కువ విలువైన భాగాన్ని.

ఆ భాగం గ్లాస్ హౌస్ లోపలి పూల బొమ్మ. 1889లో పునాది పడిన ఆ కట్టడం చూడదగ్గదే, సందేహం లేదు. లోపల ప్రతిసారీ ఒక ఇతివృత్తం ఉంటుంది. 2024 జనవరిలో బసవణ్ణ, వచన సాహిత్యం. 2025 ఆగస్టులో ఆంగ్లేయులతో పోరాడిన కిత్తూరు రాణి చెన్నమ్మ, సంగొళ్ళి రాయణ్ణ. చట్రానికి గుచ్చేవి కోసిన పూలు కాబట్టి నాలుగైదు రోజులకే గులాబీల అంచులు నల్లబడతాయి. మధ్యలో పూలు మారుస్తారు కానీ, మొదటి రెండు మూడు రోజుల్లో ఉన్న కళ వేరు. సెలవు రోజైతే జనం తోపులాటలో నిలబడి చూసే వీలే ఉండదు. మామూలు రోజు, పొద్దున గేటు తెరిచే వేళకి వెళ్ళండి. 2025 ఆగస్టులో పెద్దలకి మామూలు రోజుల్లో 80, సెలవు రోజుల్లో 100, పిల్లలకి 30 రూపాయల టికెట్ పెట్టారు. కారు వద్దు, గ్రీన్ లైన్ మెట్రోలో లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగితే చాలు.

అసలు నేర్చుకోవాల్సింది బయట బారులు తీర్చిన కుండీల దగ్గర. వందల కుండీలు ఒకే వారంలో, ఒకే ఎత్తులో విరబూయడం లెక్కతో చేసే పని. బంతి నారు పోసిన 55–60 రోజులకి పూస్తుంది, తల (కొన చిగురు) తుంచితే ఇంకో వారం పది రోజులు ఆలస్యం. పిటూనియాకి దాదాపు మూడు నెలలు పడుతుంది. ఈ లెక్కనే మీ ఇంటికి తిప్పుకోండి: సంక్రాంతికి వాకిట్లో పూలు కావాలంటే పిటూనియా విత్తనం అక్టోబరు మొదట్లో, బంతి నవంబరు మొదటి వారంలో పడాలి. బంతి మొక్క నాలుగైదు జతల ఆకులు వేసినప్పుడు తల తుంచడం మరవకండి. తుంచని మొక్క కొమ్మలు తక్కువగా వేసి నిటారుగా పెరిగి గాలికి వాలిపోతుంది.

బోన్సాయ్ (కుండీలో పొట్టిగా పెంచిన చెట్లు), ఇకెబానా (జపాన్ పద్ధతి పూల అమరిక), కూరగాయల చెక్కడం, ఎండుపూల అమరిక పోటీలు విడిగా జరుగుతాయి. షో ఉన్నన్నాళ్ళూ ఉండవు, తేదీ ముందే చూసుకోండి. బోన్సాయ్ దగ్గర పూత కన్నా చెట్టు మొదలునే గమనించండి. వేళ్ళు నాలుగు వైపులా పరుచుకున్నాయా, కాండం పైకి పోయేకొద్దీ సన్నబడిందా, వంపు కోసం చుట్టిన లోహపు తీగ మచ్చలు మిగిలాయా? ఇళ్ళ తోటలకీ, మిద్దెతోటలకీ పోటీలున్నాయి. షోకి ముందే న్యాయనిర్ణేతలు తోటలకే వెళ్ళి చూస్తారు. ఈ పద్ధతి చాలా మంచిది. విత్తనాలూ నారూ పంచుకునే మన మిద్దెతోట బృందాలు కూడా ఇలా ఒకరి మేడ ఇంకొకరు చూసి మార్కులేసుకునే పోటీ పెట్టుకుంటే బాగుంటుంది.

ఇక స్టాళ్ళు. తొందరపాటు కొనుగోళ్ళన్నీ ఇక్కడే. బెంగళూరు చల్లదనంలో నిగనిగలాడే హైడ్రాంజియా, ఫ్యూషియా రాయలసీమ ఎండకి నిలవవు. హైడ్రాంజియాకి మన బోరు నీళ్ళ సున్నం కూడా పడదు, ఆకులు పసుపు తిరుగుతాయి. జనవరిలో కొన్న పిటూనియా మార్చి దాకా మాత్రమే. ఆ డబ్బుతో బోగన్‌విల్లా, మందార కొనండి, ఏళ్ళ తరబడి ఉంటాయి. పూల దుంపలైతే వేలితో నొక్కి చూసి, మెత్తబడినవి వదిలెయ్యండి. గులాబీ కొనేటప్పుడు అంటు ముడి (అంటు కట్టిన చోటు) ఎక్కడుందో చూడాలి. ముడి కింది నుంచి వచ్చే చిగుళ్ళు వేరుమొక్కవి, అంటే అంటుకి ఆధారంగా వాడిన అడవి గులాబీవి. వాటిని కత్తిరిస్తే మళ్ళీ మొలుస్తాయి, మొదలంటా చీల్చెయ్యాలి. వదిలేస్తే క్రమంగా అంటు చచ్చి అడవి గులాబీ మిగులుతుంది.

కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుకలు అక్కడా దొరుకుతాయి, మోసుకు రావలసిన వస్తువేం కాదు. ఎక్కడ కొన్నా కడిగినదేనా అని అడగండి. 5 కిలోల దిమ్మె నానితే సుమారు 60–70 లీటర్లవుతుంది. కడగనిది నేరుగా వాడితే అందులోని ఉప్పుకి ఆకుల అంచులు మాడతాయి. రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి పిండి, ఆ తర్వాతే కలపండి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు, 12 అంగుళాల కుండీకి గుప్పెడు వేపపిండి: ఈ పాళ్ళు ఎక్కువ పూల మొక్కలకి సరిపోతాయి.

తెచ్చిన రోజే కుండీ మార్చకండి. ప్రయాణంలో వడలిన మొక్కకి వేళ్ళు కూడా కదిలితే ఆకు రాలుస్తుంది. వారం పది రోజులు షేడ్ నెట్ కింద, పాత మొక్కలకి దూరంగా పెట్టండి. ఆకు అడుగునా, కొమ్మల సందుల్లోనూ పిండినల్లి ఉందేమో రోజూ చూడండి. కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట కొట్టండి, వారానికి మళ్ళీ ఒకసారి. పురుగు పూర్తిగా పోయాకే మిగతా కుండీల పక్కన చేర్చండి.