స్క్వేర్ ప్యాడ్ అంటే ప్లస్ అని చెప్పి అమ్ముతున్న డ్యూయల్ పవర్ సప్లై కిట్లతో జాగ్రత్త

మనమే సోల్డర్ చేసుకునే డ్యూయల్ పవర్ సప్లై కిట్ కొనే ఆలోచనలో ఎవరన్నా ఉంటే ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. 7812, 7912 రెగ్యులేటర్లు (వోల్టేజ్‌ని స్థిరంగా ఉంచే చిప్‌లు) పక్కపక్కనే ఉండి ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు ఇచ్చే రకం. బోర్డు మీద కెపాసిటర్ల దగ్గర ప్లస్ గుర్తు లేదు, మైనస్ వైపు గీతలు కొట్టిన సగం వృత్తం కూడా లేదు, ఉత్త గుండ్రం గీసి సీ1 సీ2 అని పేర్లు రాసి వదిలేశారు, పోలారిటీ (ఏ కాలు ప్లస్, ఏది మైనస్ అన్నది) మొత్తం ప్యాడ్ (కాలు సోల్డర్ చేసే రాగి చోటు) షేప్ చూసి మనమే తెలుసుకోవాలట. అలాంటి బోర్డు ఎవరి దగ్గర కనపడ్డా కొనకండి, ఎందుకంటే నాకొచ్చిన దాంట్లో ప్యాడ్ షేప్ చెప్పేది ఒకటి, కిట్‌తో వచ్చిన కాగితం చెప్పేది ఇంకోటి.

ఆ కాగితంలో అసెంబ్లీ గురించి ఉన్నదే నాలుగు ముక్కలు, అందులో పోలారిటీ గురించి మాత్రం స్పష్టంగా రాశారు, స్క్వేర్ ప్యాడ్ అంటే ప్లస్, పొడుగు కాలు అందులో పెట్టండి అని. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకీ అదే మాట, ఎల్ఈడీలకీ అదే మాట. ఆ ప్రకారమే అన్నీ సోల్డర్ చేసి, 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి సిరీస్‌లో, తప్పుంటే కరెంట్ ఎక్కువ పోకుండా, బల్బ్ పెట్టి ఆన్ చేశా (కొత్త సప్లైని నేరుగా మెయిన్స్‌కి తగిలించే అలవాటు నాకు లేదు, మీక్కూడా వద్దు). మామూలుగా అయితే ఫిల్టర్ కెపాసిటర్లు ఛార్జ్ అయ్యేటప్పుడు బల్బ్ ఒకసారి వెలిగి తగ్గిపోవాలి. ఇది వెలిగింది, తగ్గినట్టే తగ్గి మళ్లీ మెల్లగా పెరగడం మొదలెట్టింది. వెంటనే ఆపేసి, డిశ్చార్జ్ చేసి ముట్టుకుంటే సీ1 బాగా వెచ్చగా ఉంది, దాని పక్కనే ఉన్న సీ2 చల్లగా ఉంది, రెండూ ఒకటే రకం, 2200 మైక్రోఫారడ్ 35 వోల్ట్. సీ1 పైన రేకు మీద అడ్డంగా నిలువుగా గాట్లు ఉంటాయి కదా, ఆ గాట్లు కలిసే చోట రేకు కొంచెం పైకి ఉబ్బింది, గోరుతో తడిమితే తెలుస్తోంది.

ఆ గాట్లు అందం కోసం పెట్టినవి కావు. అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్‌లో ఇన్సులేషన్ పనిచేసేది ఫాయిల్ మీద ఉండే సన్నటి ఆక్సైడ్ పొర, ప్లస్ మైనస్ తిరగేసి వోల్టేజ్ ఇస్తే ఒకటిన్నర వోల్టు దాటాక ఆ పొర నిలబడదు, కరెంట్ లాగేస్తుంది, వేడెక్కుతుంది, లోపల గ్యాస్ పుడుతుంది, ఆ ప్రెజర్‌కి డబ్బా ఎటుబడితే అటు పేలకుండా ముందే బలహీనం చేసి పెట్టిన చోట తెరుచుకోవాలని ఆ గాట్లు. సిరీస్ బల్బ్ అడ్డం లేకపోయుంటే నా సీ1 కచ్చితంగా తెరుచుకునేది, దాని మీదకి వంగి చూస్తున్నది నా మొహం.

తర్వాత మల్టీమీటర్ బీప్‌లో పెట్టి (రెండు చోట్లు కలిసి ఉంటే మోగుతుంది), ఒక ప్రోబ్ ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ (15-0-15లో ఆ 0, అంటే గ్రౌండ్) వచ్చే మధ్య స్క్రూ మీద ఆనించి రెండోదాంతో స్క్వేర్ ప్యాడ్లు ఒక్కొక్కటీ ముట్టుకుంటూ వెళ్లా. అన్నీ బీప్. సీ1 స్క్వేర్ బీప్, సీ2 స్క్వేర్ బీప్, ఎల్ఈడీలు రెండూ బీప్, ఆఖరికి 7812కి మధ్య కాలు స్క్వేర్, అదీ బీప్. అంటే ఈ బోర్డు గీసినాయన స్క్వేర్‌ని ప్లస్‌గానూ వాడలేదు, పిన్ 1గానూ వాడలేదు, గ్రౌండ్ గుర్తుగా వాడాడు. ఇప్పుడు తిరకాసు చూడండి. ప్లస్ వైపు కెపాసిటర్‌కి గ్రౌండ్ అంటే మైనస్ కాలు, మైనస్ వైపు కెపాసిటర్‌కి గ్రౌండ్ అంటే ప్లస్ కాలు. కాగితం ప్రకారం పెడితే మైనస్ 12 వైపు అంతా కరెక్ట్‌గా కూర్చుంటుంది, ప్లస్ 12 వైపు ఫిల్టర్ కెపాసిటర్, అవుట్‌పుట్ కెపాసిటర్, ఎల్ఈడీ మూడూ తలకిందులు. సగం సరిగ్గా పనిచేస్తుంది కాబట్టి చాలామంది పార్ట్ చెడిపోయింది అనుకుని ఇంకో కెపాసిటర్ తెచ్చి మళ్లీ అలాగే పెడతారు, అదే నా భయం.

బ్రిడ్జ్‌లో (ఏసీని డీసీ చేసే భాగం) 1ఎన్4007 డయోడ్లకి మాత్రం కాథోడ్ గీత ప్రింట్ చేశారు, రెగ్యులేటర్లకి రేకు ఎటువైపో గీశారు, అంతవరకు సంతోషం.

అమ్మినవాళ్లకి ఫొటోలతో సహా రాశా. మా బోర్డుల్లో స్క్వేర్ అంటే గ్రౌండ్ సర్, అది మా పద్ధతి అన్నారు. మరి కాగితంలో ప్లస్ అని ఎందుకు రాశారండీ అంటే, ఆ కాగితం అన్ని కిట్లకీ కామన్‌గా వేసేది సర్ అన్నారు!! సోల్డర్ చేసిన బోర్డు వెనక్కి తీసుకోవడం కుదరదట. సోల్డర్ చెయ్యకుండా తప్పు ఎలా తెలుస్తుందో వాళ్లే చెప్పాలి.

ఇక అసలు పద్ధతి ఏంటో కూడా రాస్తా, ఎందుకంటే స్క్వేర్ అంటే ప్లస్ అనే మాట ఈ ఒక్క కాగితంలోనే కాదు, వీడియోల్లో, కామెంట్లలో, చాలాచోట్ల తిరుగుతోంది. త్రూ-హోల్ బోర్డుల్లో చతురస్రం ప్యాడ్ మామూలుగా చెప్పేది ఒక్కటే, ఇది పిన్ నంబర్ 1 అని. మిగతా పిన్లు గుండ్రంగానో కోలగానో ఉంటాయి. ఈ అలవాటు రావడానికి మంచి కారణమే ఉంది, సిల్క్‌స్క్రీన్ (బోర్డు మీది ప్రింట్) మీద వేసిన చుక్కా గీతా పార్ట్ కూర్చోగానే దాని కింద దాక్కుంటాయి, వెనక వైపు చాలా బోర్డుల్లో ప్రింటే ఉండదు, ప్యాడ్ మాత్రం రాగి కాబట్టి సోల్డర్ చేసే వైపు నుంచి కూడా కనపడుతుంది. వెనక నుంచి చూసేటప్పుడు ఐసీ పిన్లు అద్దంలోలాగా తిరగబడతాయి, పైనుంచి గడియారానికి ఎదురు దిశలో లెక్కపెట్టేవి కింద నుంచి గడియారం దిశలో వస్తాయి, అప్పుడు ఆ ఒక్క చతురస్రం లేకపోతే బుర్ర తిరిగిపోతుంది.

కానీ పిన్ 1 అంటే ప్లస్ అని ఎక్కడా లేదు. కీక్యాడ్ (బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్) లైబ్రరీనే తీసుకోండి, అందులో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి 1వ ప్యాడ్ ప్లస్, డయోడ్‌కీ ఎల్ఈడీకీ 1వ ప్యాడ్ కాథోడ్, అంటే మైనస్ వైపు. ఒకే లైబ్రరీ, ఒకే బోర్డు, కెపాసిటర్‌కి స్క్వేర్ ప్లస్, పక్కనున్న ఎల్ఈడీకి స్క్వేర్ మైనస్, ఇందులో తప్పేం లేదు, అదే మామూలు. పాత లైబ్రరీలు, ఎవరికి వాళ్లు గీసుకున్న ఫుట్‌ప్రింట్లు (పార్ట్ ప్యాడ్ల నమూనాలు) అయితే ఎల్ఈడీకి ఆనోడ్‌ని, అంటే ప్లస్ వైపుని, 1 చేసినవీ ఉంటాయి. రెగ్యులేటర్లు ఇంకో రకం, 7812కి 1 ఇన్‌పుట్ 2 గ్రౌండ్ 3 అవుట్‌పుట్, 7912కి 1 గ్రౌండ్ 2 ఇన్‌పుట్ 3 అవుట్‌పుట్, ఎల్ఎం317కి 1 అడ్జస్ట్ 2 అవుట్‌పుట్ 3 ఇన్‌పుట్. చూడ్డానికి మూడూ ఒకేలా ఉంటాయి, 1వ కాలు పని మూడింటికీ మూడు రకాలు. ట్రాన్సిస్టర్లలో కూడా అంతే, చదునైన వైపు మనకి పెట్టి కాళ్లు కిందికి ఉంచి చూస్తే ఎడమ నుంచి బీసీ547కి కలెక్టర్ బేస్ ఎమిటర్, 2ఎన్3904కి ఎమిటర్ బేస్ కలెక్టర్.

గ్రౌండ్‌కి స్క్వేర్ పెట్టడం నేరమేం కాదు, కనెక్టర్లలో, టెస్ట్ పాయింట్లలో కొందరు అలా చేస్తారు. చేసుకోండి, పక్కన జీఎన్‌డీ అని మూడక్షరాలు ప్రింట్ చేస్తే అయిపోయేది. ప్రింట్ చెయ్యకుండా, కాగితంలో అబద్ధం రాసి, ఆపైన మా పద్ధతి అంటే ఒళ్లు మండుతుంది.

మాడ్యూళ్లు కొనేటప్పుడు కూడా ఇదే గొడవ ఉంది. ఎస్ఎస్‌డీ1306 చిప్ ఉన్న 0.96 అంగుళాల ఓఎల్ఈడీ డిస్‌ప్లే 4 పిన్లది చాలామందికి తెలిసే ఉంటుంది, అందులో మొదటి పిన్ గ్రౌండ్ ఉన్నవీ అమ్ముతున్నారు, మొదటి పిన్ వీసీసీ (సప్లై ప్లస్) ఉన్నవీ అమ్ముతున్నారు, మిగతాదంతా చూడ్డానికి ఒక్కటే. పాతది తీసి కొత్తది అదే సాకెట్‌లో గుచ్చితే సప్లై రివర్స్. అక్కడ ప్యాడ్ షేప్ ఏం కాపాడదు, పిన్ పక్కన రాసిన పేరు చదవాల్సిందే. రాస్ప్‌బెర్రీ పై 40 పిన్ల హెడర్ దగ్గర మాత్రం పద్ధతి సరిగ్గా పాటించారు, బోర్డు వెనక స్క్వేర్‌గా ఉన్నదే పిన్ 1, అది 3.3 వోల్ట్, దాని ఎదురుగా ఉన్న 2వది 5 వోల్ట్.

సర్ఫేస్ మౌంట్ బోర్డుల్లో స్క్వేర్ కోసం వెతకొద్దు, అక్కడ ప్యాడ్లు ఎలాగూ అన్నీ దీర్ఘచతురస్రాలే, ఈమధ్య మూలలు గుండ్రం చేసినవి ఎక్కువ వస్తున్నాయి, పిన్ 1కి చుక్కో గీతో ప్రింట్‌లోనే చూసుకోవాలి.

కొనే ముందు ఏం చూడాలంటే, లిస్టింగ్‌లో పార్ట్స్ బిగించిన బోర్డు ఫొటో చూసి మురిసిపోకుండా ఖాళీ బోర్డు రెండు వైపులా ఫొటో అడగండి, ఇవ్వకపోతే అక్కడితో ఆపేయండి. సర్క్యూట్ డయాగ్రామ్ అడగండి, డయాగ్రామ్ లేని కిట్ నా దృష్టిలో కిట్టే కాదు. ఫొటో జూమ్ చేసి చూస్తే గ్రౌండ్ రాగి పరుపుకి కలిసిన ప్యాడ్ గుర్తుపట్టొచ్చు, చుట్టూ సన్నటి ఖాళీ వదిలి నాలుగు చిన్న రాగి కాళ్లతో కలుపుతారు, సోల్డర్ చేసేటప్పుడు వేడంతా పరుపులోకి పోకుండా. సింగిల్ సప్లై బోర్డు అయితే మామూలుగా ఆ ప్యాడే ఫిల్టర్ కెపాసిటర్ మైనస్, డ్యూయల్ అయితే పైన చెప్పినట్టు ఏ వైపు కెపాసిటరో కూడా చూడాలి. 7812 లాంటి మూడు కాళ్ల రెగ్యులేటర్‌కి మధ్య కాలు ఒక్కటే స్క్వేర్ కనపడిందంటే ఆ బోర్డులో స్క్వేర్ పిన్ 1 కాదని అక్కడే తేలిపోయినట్టు, మిగతా స్క్వేర్లని కూడా నమ్మొద్దు.

సిల్క్‌స్క్రీన్ ఉన్నా సరే ఒక కన్నేసి ఉంచండి, గీతలు కొట్టిన సగం సాధారణంగా మైనస్, కానీ దాన్నే ప్లస్‌కి వాడిన మదర్‌బోర్డులు కూడా ఉన్నాయి. కెపాసిటర్ ఒంటి మీద పట్టీ అల్యూమినియం దానికి మైనస్ వైపు, టాంటలం దానికి ప్లస్ వైపు. టాంటలం తిరగేస్తే ఉబ్బడం దగ్గర ఆగదు, మండుతుంది.

ఇప్పటికే ఈ కిట్ కొని ఇంట్లో పెట్టుకున్నవాళ్లు కాగితం పక్కన పడేసి ప్లస్ 12 వైపు సీ1, సీ3 (అవుట్‌పుట్ కెపాసిటర్) పొడుగు కాలు గుండ్రటి ప్యాడ్‌లో పెట్టండి, ఆ వైపు ఎల్ఈడీ కూడా అంతే. మైనస్ 12 వైపు సీ2, సీ4, రెండో ఎల్ఈడీ పొడుగు కాలు స్క్వేర్‌లోనే. ఆల్రెడీ పవర్ ఇచ్చేసి ఉంటే రివర్స్ వోల్టేజ్ తిన్న కెపాసిటర్లని తిప్పి పెట్టి వాడొద్దు, ఉబ్బకపోయినా తీసేసి కొత్తవి వెయ్యండి. బోర్డు మీద వెర్షన్ నంబర్ కూడా ప్రింట్ చెయ్యలేదు కాబట్టి మీకొచ్చింది నాదీ ఒకటేనో కాదో చూసి చెప్పలేం, సోల్డర్ పెట్టే ముందు ఆ మధ్య స్క్రూ నుంచి ప్రతి స్క్వేర్‌కీ బీప్ చూసుకోండి, ఏ ఒక్కటి బీప్ కాకపోయినా నేను పైన రాసిన సీ నంబర్లు మీ బోర్డుకి పనికిరావు.