ఎస్‌ఏపీలో రాత్రి నడిచే పనులు: ఎస్‌ఎం36, ఎస్‌ఎం37 సమీక్ష

ఎస్‌ఏపీ అనే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను వాడే కంపెనీలో నెలాఖరు తరుగుదల పోస్టింగ్, ఎంఆర్‌పీ రన్ (సామగ్రి అవసరాల లెక్క), సరఫరాదారుల చెల్లింపులు, బయటి సిస్టమ్‌ల నుంచి వచ్చే ఐడాక్‌ల (సిస్టమ్‌ల మధ్య సమాచారం మోసే పత్రాల) ప్రాసెసింగ్ వంటి బరువైన పనులు సాధారణంగా బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లుగానే, అంటే తెర ముందు ఎవరూ లేకుండా, నడుస్తాయి. ఈ జాబ్‌లను తయారు చేయడానికి ఎస్‌ఎం36, వాటి పరిస్థితిని చూడడానికి ఎస్‌ఎం37 అనే ట్రాన్సాక్షన్లు (కోడ్ కొడితే తెరుచుకునే తెరలు) ఎస్‌ఏపీ పాత వెర్షన్ ఆర్/3 కాలం నుంచి ఉన్నాయి. హైదరాబాద్‌లో బేసిస్ (ఎస్‌ఏపీ సిస్టమ్ నిర్వహణ) పనో సపోర్ట్ పనో చేసేవారికి ఇవి కంఠతా వచ్చిన కోడ్‌లే. విడిగా కొననక్కరలేకుండా సాఫ్ట్‌వేర్‌తోపాటే వచ్చే ఈ షెడ్యూలర్‌లో జాబ్‌ను మొదలుపెట్టే భాగం చాలా బాగుందని, మొదలైన తరువాత దాని బాగోగులు తెలియజేసే భాగం మాత్రం ఆ స్థాయిలో లేదని నా అభిప్రాయం.

ముందుగా బాగున్న భాగం చూద్దాం. ఎస్‌ఎం36లో జాబ్‌కు పేరు, ప్రాధాన్య తరగతి, ఒకటో అంతకన్నా ఎక్కువో స్టెప్‌లు, మొదలు కావలసిన షరతు ఇస్తే పని పూర్తవుతుంది. స్టెప్‌లో ఎస్‌ఏపీ సొంత భాష అబాప్‌లో రాసిన ప్రోగ్రామ్‌ను గాని, ఆపరేటింగ్ సిస్టమ్ స్థాయిలో నడిచే కమాండ్‌ను గాని పెట్టవచ్చు. ప్రోగ్రామ్‌కు కావలసిన ఎంపికలన్నీ వేరియంట్ అనే భద్రపరచిన కట్టలో ఉంటాయి కాబట్టి, అందులో తేదీని అంకెల్లో రాయకుండా ‘నేటి తేదీ’ లాగానో, ‘నెల మొదటి రోజు నుంచి నేటి వరకు’ లాగానో మారే విలువగా నిర్ణయించుకుంటే, అదే జాబ్ ఎవరూ ముట్టుకోకుండా ఏళ్ల తరబడి నడుస్తుంది. ఈ ఒక్క సౌకర్యం తెలియక ప్రతి నెలా వేరియంట్‌ను చేత్తో మార్చే కార్యాలయాలు ఇప్పటికీ ఉన్నాయి.

మొదలయ్యే షరతుల్లో ఉన్న వైవిధ్యం మెచ్చుకోదగ్గది. నిర్ణీత తేదీ, సమయం ఇవ్వవచ్చు. మరో జాబ్ ముగిశాక మొదలవ్వమనవచ్చు, అదీ ముందు జాబ్ విజయవంతంగా ముగిస్తేనే అని గీత గీయవచ్చు. బయటి ప్రోగ్రామ్ లేపే ఈవెంట్ కోసం కాచుకోమనవచ్చు. ఫ్యాక్టరీ క్యాలెండర్‌లో సెలవు దినం వస్తే ముందు రోజుకో తరువాతి రోజుకో జరపమనవచ్చు. వీటన్నిటిలోకి నాకు నచ్చింది ‘ఈ సమయం దాటితే మొదలుపెట్టవద్దు’ అనే గడి. రాత్రి సిస్టమ్ ఆగిపోయి ఉదయం తొమ్మిదింటికి తిరిగి లేచినప్పుడు, రాత్రి నడవవలసిన భారీ జాబ్‌లన్నీ ఒక్కసారిగా ఉద్యోగుల మీద పడకుండా ఆపేది ఆ గడే. అయినా దాన్ని నింపేవారు తక్కువ.

నిర్ణీత సమయం అన్నప్పుడు సరిగ్గా ఆ సెకనుకే మొదలవుతుందని అనుకోకూడదు. సమయం వచ్చిన జాబ్‌ల కోసం షెడ్యూలర్ వెతికే వ్యవధిని ఆర్‌డిస్ప్/బీటీసీటైమ్ అనే పారామీటర్ నిర్ణయిస్తుంది. మామూలుగా అది 60 సెకన్లు. వెతికి పట్టుకున్నాక కూడా జాబ్‌ను నడిపే బ్యాక్‌గ్రౌండ్ వర్క్ ప్రాసెస్ ఒకటి ఖాళీగా దొరకాలి. దొరకకపోతే జాబ్ వరుసలో నిలబడుతుంది, ఆ ఆలస్యం ఎస్‌ఎం37 జాబితాలో సెకన్లలో కనిపిస్తుంది. ‘ఏ’ (అన్నిటికన్నా ముందు), ‘బీ’, ‘సీ’ అనే మూడు ప్రాధాన్య తరగతులు ఉన్నది ఈ వరుసను క్రమబద్ధం చేయడానికే. ప్రతి విభాగమూ తన జాబే ముఖ్యమని ‘ఏ’ తరగతి అడిగి తీసుకుంటే, ఆ తరగతికి అర్థమే ఉండదు. మామూలు జాబ్‌లన్నిటినీ ‘సీ’లో ఉంచి, ‘ఏ’ తరగతికి ఒకటి రెండు వర్క్ ప్రాసెస్‌లను ఆపరేషన్ మోడ్‌లలో (పగలు, రాత్రి వంటి వేళలకు వర్క్ ప్రాసెస్‌లను పంచే అమరికల్లో) కేటాయించడం మేలైన పద్ధతి.

పీరియాడిక్ జాబ్‌ల (నిర్ణీత వ్యవధికొకసారి మళ్లీ నడిచేవాటి) తీరు మాత్రం కొత్తవారిని తికమక పెడుతుంది. ఒక విడత మొదలవగానే తరువాతి విడత నకలు తయారై విడుదలవుతుంది (నడవడానికి అనుమతి పొందుతుంది) కాబట్టి, ఈ విడత విఫలమైనా తరువాతిది ఏమీ జరగనట్టే నడుస్తుంది. అంతేకాదు, ఐదు నిమిషాలకొకసారి నడిచే జాబ్ ఒకనాడు ఇరవై నిమిషాలు తీసుకుంటే, అదే పని చేసే నకళ్లు ఒకదాని పక్కన ఒకటి నడవడం మొదలుపెడతాయి. పాతది ముగిసేవరకు కొత్తది ఆగాలని చెప్పే సాదా గడి ఏదీ ఎస్‌ఎం36లో లేకపోవడం పెద్ద లోటే. ప్రోగ్రామ్ రాసేవారే లాక్ పెట్టి ఆ జాగ్రత్త తీసుకోవలసి వస్తోంది.

ఇక ఎస్‌ఎం37 విషయానికి వస్తే, తెరవగానే అది మీ పేరుతో ఉన్న జాబ్‌లనే, ఈరోజు తేదీతోనే వెతుకుతుంది. యూజర్ గడిలో నక్షత్రం గుర్తు పెట్టకపోతే ఇతరులవి కనిపించవు. ఈవెంట్ కోసం కాచుకున్న జాబ్‌లు కావాలంటే ఈవెంట్ గడిలోనూ నక్షత్రం పెట్టాలి. తయారైనా ఇంకా విడుదల కాని జాబ్‌ల గడికి మొదట టిక్కు ఉండదు. ‘నా జాబ్ మాయమైంది’ అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు ఈ మూడు గడుల్లోనే ఉంటుంది. జాబ్ లాగ్, స్పూల్ (జాబ్ తయారు చేసిన జాబితా), స్టెప్ వివరాలు ఒక్కో నొక్కుతో అందడం మాత్రం నిజంగా సుఖం. వర్క్ ప్రాసెస్ చనిపోయినా జాబ్ ఇంకా నడుస్తున్నట్టే చూపుతుంటే, ‘చెక్ స్టేటస్’ నొక్కి నిజస్థితి తెలుసుకోవచ్చు.

అసలు లోపం వేరే ఉంది: జాబ్ విఫలమైతే ఎస్‌ఎం36 ఎవరికీ కబురు పెట్టదు. స్పూల్ ఎవరికి వెళ్లాలో చెప్పే వీలుంది గాని, అది జాబ్ తయారు చేసిన జాబితాను పంపడానికే. వైఫల్యాన్ని మెయిల్‌గా అందుకోవాలంటే ఎస్‌ఏపీ వారి నిర్వహణ సాధనం సొల్యూషన్ మేనేజర్‌లోని పర్యవేక్షణనో, బయటి సాధనాల కోసం ఎస్‌ఏపీ ఇచ్చిన ఎక్స్‌బీపీ ఇంటర్‌ఫేస్ ద్వారా కలిసే కంట్రోల్-ఎం, రెడ్‌వుడ్ వంటి బయటి షెడ్యూలర్‌నో ఆశ్రయించాలి. ఒకే సిస్టమ్, పదుల సంఖ్యలో జాబ్‌లు ఉన్న సంస్థకు రోజూ ఉదయం ఎస్‌ఎం37 చూసే మనిషి చాలు. ఈసీసీలో (ఎస్/4హానాకు ముందటి ఎస్‌ఏపీ ప్రధాన సిస్టమ్) మొదలై బీడబ్ల్యూ (ఎస్‌ఏపీ డేటా వేర్‌హౌస్) మీదుగా మరో డేటాబేస్‌కు చేరే గొలుసులున్న చోట మాత్రం బయటి సాధనానికి పెట్టే ఖర్చు దండగ కాదు.

స్టెప్ యూజర్ గురించి ఒక హెచ్చరిక అవసరం. జాబ్ ఎవరి పేరుతో నడుస్తుందో వారి అధికారాలే దానికి వర్తిస్తాయి. ఆ ఉద్యోగి కంపెనీ వదిలి వెళ్లాక యూజర్ ఐడీని లాక్ చేస్తే, లాగిన్ విఫలమైందన్న సందేశంతో జాబ్ క్యాన్సిల్ అవుతుంది. సిస్టమ్ రకం (మనుషులకు కాక పనులకే వాడే) యూజర్‌ను విడిగా తయారు చేసి జాబ్‌లన్నీ దానితో నడపడం ఉత్తమం. అలాగే ఎస్‌ఎం36లో ఇచ్చే సమయం సర్వర్ సమయమే. న్యూయార్క్ గడియారంతో నడిచే సిస్టమ్‌ను ఇక్కడి నుంచి చూసేవారికి చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు తేడా వస్తుంది. అక్కడ మార్చిలో ఒక ఆదివారం ఒక గంట మాయమవుతుంది, నవంబరులో ఒక ఆదివారం ఒక గంట రెండుసార్లు వస్తుంది. అందుచేత ఒంటిగంటకు, మూడింటికి మధ్య ముఖ్యమైన జాబ్‌లు పెట్టకపోవడం మంచిది.

ఈసీసీ తరువాత వచ్చిన ఎస్/4హానాలో పరిస్థితి కొంత మెరుగైంది. పాత జాబ్‌లను తుడిచివేయడం వంటి శుభ్రత పనులను ఈసీసీలో బేసిస్ వారే గుర్తు పెట్టుకుని షెడ్యూల్ చేయాలి. ఎస్/4హానాలో ఎస్‌జాబ్‌రెపో అనే జాబ్ రిపాజిటరీ వాటిని తానే తయారు చేస్తుంది. బ్రౌజర్‌లో తెరుచుకునే కొత్త తెరల వ్యవస్థ ఫియోరీలోని అప్లికేషన్ జాబ్స్ తెర, వేరియంట్ అంటే తెలియని అకౌంటెంటు సైతం తన పని తానే షెడ్యూల్ చేసుకునేలా ఉంది. ఎస్/4హానాలో పబ్లిక్ క్లౌడ్ (ఎస్‌ఏపీయే నడిపే రూపం) తీసుకునేవారికి ఎస్‌ఎం36 అందుబాటులో ఉండదు కనుక, సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్‌లను జాబ్‌లుగా నడిపే సంస్థలు మారడానికి ముందే వాటి జాబితా తీసి, ఒక్కోదానికి అక్కడ జాబ్ టెంప్లేట్ (జాబ్ తయారు చేసే నమూనా) ఉందో లేదో సరిచూసుకోవాలి.