తూనీగ పరుగు చక్రం: ఎనిమిది నెలల అనుభవం

మా తూనీగ అబిస్సీనియన్ జాతి పిల్లి. వయసు మూడేళ్లు, బరువు మూడున్నర కిలోలు. ఒక్కో వెంట్రుక మీద లేత, ముదురు రంగులు పట్టీలుగా ఉంటాయి కాబట్టి అది పరిగెత్తుతుంటే ఒళ్లంతా రాగిలా మెరుస్తుంది. ఆ మెరుపుకు ముచ్చటపడి ఈ జాతిని తెచ్చుకోవాలనుకునేవారికి ముందే చెబుతున్నాను, ఇది ఒడిలో కుదురుగా కూర్చునే పిల్లి కాదు. బీరువా మీది నుంచి పుస్తకాల అరకు, అక్కడి నుంచి కర్టెన్ రాడ్డుకు దూకుతూనే ఉంటుంది. పిల్లులకు తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ హుషారు ఎక్కువ. రోజూ నాలుగున్నరకే నిద్రలేపుతుంటే తట్టుకోలేక, పిల్లి లోపల పరిగెత్తితే తిరిగే పరుగు చక్రం కొన్నాను.

మొదట 80 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నది తెప్పించాను. దాంట్లో తూనీగను నడిపిస్తూ పక్క నుంచి వీడియో తీసి చూస్తే మనసు చివుక్కుమంది. నడుము విల్లులా వంగిపోయింది, మెడ వెనక్కి విరిచినట్టు ఉంది. మర్నాడే తిప్పి పంపేశాను. ఇప్పుడు ఉన్నది 110 సెంటీమీటర్లది. ఇందులో దాని వీపు వంగకుండా తిన్నగా ఉంటుంది, కాళ్లు పూర్తిగా చాచగలుగుతుంది. కొనేటప్పుడు రంగు, అందం తర్వాత చూడండి, ముందు వ్యాసం చూడండి. పరిగెత్తే పలక మీద సందులు ఉండకూడదు. అతుకుల దగ్గర మీ చిటికెన వేలు దూరిందంటే పిల్లి గోరు, తోక కూడా ఇరుక్కుంటాయి.

పదకొండు రోజులపాటు తూనీగ ఆ చక్రంలో పడుకోవడం తప్ప ఏమీ చేయలేదు. నేను తొందరపెట్టలేదు. ఎత్తి లోపల పెట్టి చేత్తో తిప్పితే పిల్లి బెదిరిపోతుంది, ఆ పని మాత్రం చేయకండి. కర్రకు కట్టిన ఈకను దాని ముక్కు ముందు ఆడిస్తూ, రెండడుగులు వేసినప్పుడల్లా ఒక ఎండు చికెన్ ముక్క పెట్టాను. పన్నెండో రోజు సాయంత్రం ఈక వెంట నాలుగడుగులు వేసింది, చక్రం కదిలింది, ఆగి కిందికి చూసింది. చెవులు రెండూ ముందుకు వాల్చి, ఒక పాదం మెల్లగా నొక్కి, తీసి, మళ్లీ నొక్కింది. తిప్పుతున్నది తానేనని దానికి అర్థమైన క్షణం అది. తర్వాత ఈక అవసరమే రాలేదు.

లోపాలూ ఉన్నాయి. మూడో నెలలో మరలు వదులై కిర్రుమని చప్పుడు మొదలైంది. నెలకోసారి బిగించుకోవాలి, కింద రబ్బరు చాప వేయాలి. లోపల అంటించిన మెత్తని పొరను గోళ్లతో అంచుల వెంట పీకేసింది. ఆరు ముక్కల్లో రెండు ఇప్పటికే మార్చాను. పొరను విడివిడి ముక్కలుగా తీసి మార్చుకునే వీలుంటేనే కొనండి, లేకపోతే మొత్తం పాడవుతుంది.

చక్రం వచ్చిందని మనం ఆడించడం మానేస్తే కుదరదు. పిల్లికి వేట అంటే పొంచి ఉండటం, తరమడం, పట్టుకోవడం, తినడం. చక్రంలో తరమడం ఒక్కటే దొరుకుతుంది. అందుకే రాత్రి భోజనానికి ముందు పావుగంట ఈకతో ఆడిస్తాను, చివర దాన్ని పట్టుకోనిస్తాను, వెంటనే గిన్నె పెడతాను. ఈ రెండూ కలిశాకే నాకు ఆరింటి దాకా నిద్ర దక్కింది.

మరో మాట. ఈ జాతిలో మోకాలి చిప్ప జారడం, పైరువేట్ కైనేస్ అనే ఎంజైము లోపం వల్ల వచ్చే వంశపారంపర్య రక్తహీనత కనిపిస్తుంటాయి. రెండోది జన్యు పరీక్షలో తెలిసిపోతుంది. చక్రం ఎక్కించకముందే పశువైద్యుడికి చూపించి తూనీగకు ఈ రెండూ లేవని నిర్ధారించుకున్నాను. మీ పిల్లి కుంటినా, కాసేపటికే నోరు తెరిచి రొప్పినా చక్రం ఆపి ముందు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

చోటు మాత్రం బాగా పడుతుంది. కొనేముందు నేల మీద సుద్దముక్కతో కొలత గీసి, రెండు రోజులు ఆ గీతల చుట్టూ తిరిగి చూడండి. మా ఇంట్లో కిటికీ పక్కన నేను చదువుకునే కుర్చీని తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు మంచం మీద కూర్చుని చదువుకుంటున్నాను.