స్వాప్ సున్నా పెట్టిన పాపానికి

నాలుగేళ్ల క్రితం లినక్స్ ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు అందులోని డేటాను పక్కన పెట్టడానికి డిస్కులో కేటాయించే చోటు) ఎంత అని అడిగితే సున్నా పెట్టాను. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ అది. స్వాప్ 'ర్యామ్‌కి రెండింతలు' ఉండాలన్న లెక్క ర్యామ్‌ని ఎంబీల్లో కొలిచే కాలం నాటిదని, పైగా స్వాప్‌తో ఎస్ఎస్‌డీ అరిగిపోతుందని ఎక్కడో చదివి నమ్మేశాను. దాదాపు ఏడాది ఏ ఇబ్బందీ లేదు. ఆ ధైర్యంతో అడిగిన వాళ్లకల్లా అదే సలహా ఇచ్చాను. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ దెప్పుతుంటారు.

తర్వాత ఓ రోజు బ్రౌజర్‌లో ముప్పై ట్యాబ్‌లు, పక్కన ఒక వర్చువల్ మెషీన్, వెనక ఓ పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు కంపైల్ అవుతోంది. అత్యాశకు పోయి ఎనిమిది జాబ్‌లు ఒకేసారి నడిపించాను. మౌస్ పాయింటర్ కాస్త తడబడి ఆగిపోయింది. మెమరీ అయిపోతే లినక్స్‌లోని ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ వచ్చి ఏదో ఒక ప్రాసెస్‌ని చంపుతుంది, అంతే కదా అని కూర్చున్నాను. రాలేదు. డిస్కు లైటు మాత్రం ఆరకుండా వెలుగుతోంది. స్వాపే లేనప్పుడు డిస్కుకి ఏం పని? కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే చాలాసేపటికి లాగిన్ అడిగే నల్ల తెర వచ్చింది. యూజర్‌నేమ్ కొట్టాను. పాస్‌వర్డ్ అడిగేలోపే లాగిన్‌కిచ్చే 60 సెకన్ల గడువు దాటిపోయి మళ్లీ మొదటికొచ్చింది. మూడుసార్లు ఇదే తంతు. చివరికి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశాను. సేవ్ చేయని పని అంతా పోయింది.

కారణం తర్వాత తెలిసింది. ప్రోగ్రాములు తమ డేటా కోసం తీసుకున్న పేజీలను (మెమరీని విభజించిన చిన్న ముక్కలను) పక్కన పెట్టాలంటే స్వాప్ ఉండాలి. అది లేకపోతే మెమరీని పంచే కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రాము) ఖాళీ చేయగలిగేది ఫైళ్ల నుంచి చదివిన పేజీలనే. నడుస్తున్న ప్రోగ్రాముల కోడ్ కూడా అందులోనే ఉంటుంది. తీసేసిన కోడే మరుక్షణం కావాల్సి వస్తుంది, మళ్లీ డిస్కు నుంచి చదవాలి. ఇలా ఎంతో కొంత ఖాళీ దొరుకుతున్నంతసేపూ కెర్నల్ లెక్కలో మెమరీ అయిపోనట్టే. అందుకే ఓఓఎం కిల్లర్ రాదు.

మర్నాడే 8 జీబీ స్వాప్ ఫైలు పెట్టాను. అదే కంపైల్, అవే ట్యాబ్‌లు, ఈసారి నత్తనడకే అయినా పూర్తయింది. మొదట్లో మెమరీ వాడకం చూపే ఫ్రీ (free) కమాండ్‌లో స్వాప్ 1.5 జీబీ వాడినట్టు కనిపిస్తే టెన్షన్ పడేవాణ్ని. ఎప్పుడో తెరిచి వదిలేసిన వాటి పేజీలు అక్కడ పడి ఉంటే నష్టం లేదు. చూడాల్సింది వీఎంస్టాట్ (vmstat) కమాండ్‌లో ఎస్ఐ, ఎస్ఓ కాలమ్‌లు, అంటే స్వాప్ నుంచి ర్యామ్‌లోకి వచ్చేవి, ర్యామ్ నుంచి స్వాప్‌లోకి పోయేవి. అవి ఆగకుండా పరిగెడుతుంటేనే ర్యామ్ చాలడం లేదని.

అలాగని స్వాప్ అన్నిటికీ మందు కాదు. నేనే రాసిన ఓ స్క్రిప్ట్ తీసుకున్న మెమరీని తిరిగివ్వకుండా (మెమరీ లీక్) పెంచుకుంటూ పోతుంటే, ఆ 8 జీబీ కూడా నిండేదాకా సిస్టమ్ చచ్చీ చావకుండా ఈడ్చింది.

హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నదంతా స్వాప్‌లో రాసి మెషీన్‌ని ఆపేయడం) సంగతి ఇంకోటి. ర్యామ్ ఎంతో స్వాప్ అంతే ఉంటే చాలనుకున్నాను, నెలల తరబడి చాలింది కూడా. ఓ రోజు స్వాప్ అప్పటికే సగానికి పైగా నిండి ఉంది. హైబర్నేట్ అవుతుందిలే అని నేను మూత మూసి బ్యాగులో పెట్టేశాను. తీసి చూస్తే ల్యాప్‌టాప్ సెగలు కక్కుతోంది, బ్యాటరీ అడుగంటింది. లాగ్‌లో స్వాప్‌లో ఖాళీ చాల్లేదని ఉంది. అప్పటి నుంచి ఫైలు 12 జీబీ.

దాని ముందు 4 జీబీ జెడ్‌ర్యామ్ కూడా పెట్టాను, ఎక్కువ ప్రయారిటీతో. పేజీలను కుదించి ర్యామ్‌లోనే ఉంచుతుంది కాబట్టి రోజువారీ పనిలో డిస్కు దాకా వెళ్లేవి బాగా తగ్గాయి. 2020లో ఫెడోరా 33 (లినక్స్‌లో ఒక రకం) దీన్నే డిఫాల్ట్ చేసింది. హైబర్నేట్‌కి మాత్రం పనికిరాదు, అందుకే ఫైలుని తీసేయలేదు.

ఇదంతా 8 జీబీ ర్యామ్ మీద మోయలేనంత బరువు పెట్టే నా సంగతి. ఆఫీసులో ఇచ్చిన 32 జీబీ మెషీన్‌ని హైబర్నేట్ చేయను, అందులో 4 జీబీ ఫైలు చాలనిపించింది. నెల రోజులుగా ఎప్పుడు చూసినా ఎస్ఐ, ఎస్ఓ సున్నాలే. తీసేద్దామా అని ఒకసారి అనుకున్నాను గానీ, ఆ నల్ల తెర గుర్తొచ్చి ఊరుకున్నాను.