ముక్కు గొట్టమా, పొట్ట గొట్టమా, స్టెంటా? అన్నవాహికకు ఆపరేషన్ కుదరనప్పుడు ఏది మేలు?

మా నాయనకు అన్నవాహికలో క్యాన్సర్ అని తేలిన రోజు మేం అడిగిన మొదటి మాట, "ఆపరేషన్ ఎప్పుడు సార్?" కుదరదన్నారు. 71 ఏళ్ల వయసు, చిన్నప్పటి నుంచీ బీడీ. ఛాతీ తెరిస్తే తట్టుకునేంత ఊపిరి ఆయనకు లేదు. దాని బదులు 28 సిట్టింగుల కరెంటు, వారానికోసారి కీమో అన్నారు. మా వైపు రేడియేషన్‌ను అందరూ కరెంటు అనే అంటారు. వారానికి ఐదు రోజులు, అంటే ఐదున్నర వారాల పైమాటే.

అప్పటికే ఆయనకు మజ్జిగ కూడా కష్టంగా దిగుతోంది. ఎమ్మిగనూరు దగ్గర ఊళ్లో ఉండే మనిషిని కర్నూలు బి.క్యాంపులో ఉన్న మా ఇంటికి తెచ్చుకున్నాం సరే, ఈ ఐదున్నర వారాలు కడుపులోకి తిండి ఎట్లా పోవాలి? డాక్టర్ మూడు దారులు చెప్పారు: ముక్కు గొట్టం, పొట్ట గొట్టం, స్టెంట్. ఇంట్లో మాట్లాడుకుని మర్నాడు చెప్పమన్నారు.

ఆ రాత్రి మా ఇంట్లో ఓట్లన్నీ స్టెంట్‌కే పడ్డాయి. సన్నటి తీగలతో అల్లిన గొట్టాన్ని ఎండోస్కోపీతో లోపలికి పంపి, గడ్డ ఉన్నచోట విచ్చుకునేట్టు వదిలేస్తారు. ఒకటి రెండు రోజుల్లో మెత్తటి తిండి నోటితోనే తినొచ్చు. బయటికి ఏమీ కనపడదు. ఖర్చు వేలల్లో ఉంటుందని తెలిసినా "అప్పు చేసైనా అదే వేయిద్దాం" అన్నాడు తమ్ముడు. నేనూ తలూపాను.

మర్నాడు డాక్టర్ వద్దన్నారు. కారణం విన్నాక మాకు నోట మాట రాలేదు. స్టెంట్ నిలబడేది గడ్డ బిగువు మీద. కరెంటుకు గడ్డ కరిగిందంటే ఆ పట్టు పోయి స్టెంట్ కిందికి జారొచ్చు. వైద్యం బాగా పనిచేసేకొద్దీ స్టెంట్ నిలబడదన్నమాట! పైగా కరెంటుకు లోపల ఒరుసుకుపోయి ఉన్నచోట లోహం ఒత్తితే నొప్పి, రక్తస్రావం, ఒక్కోసారి చిల్లు పడే ప్రమాదం. అందుకే నయం చేసే ఉద్దేశంతో కరెంటు, కీమో ఇస్తున్నప్పుడు స్టెంట్‌ను సాధారణంగా పక్కన పెడతారు. ఆ వైద్యం అయిపోయాకో, దాన్ని తట్టుకునే ఒంటి బలం లేనప్పుడో అదే మంచి దారి అవుతుంది. ఇంకో సందర్భం కూడా ఉంది. గుక్కెడు నీళ్లు తాగగానే పొలమారి దగ్గు వస్తోందంటే అన్నవాహికకూ గాలిగొట్టానికీ మధ్య దారి పడిందేమో చూడాలి. అప్పుడు ఆ చిల్లును మూయడానికి పైన పొర ఉన్న స్టెంటే ముందు మాట.

కరెంటు గది బయట బెంచీ మీద ఆదోని ఆయన ఒకరు రోజూ కలిసేవారు. ఆయనకు వేరేచోట ముందే స్టెంట్ వేసి పంపారు. రోజూ ఛాతీ మీద చెయ్యి పెట్టుకునే కూర్చునేవారు. ఒక్కరి అనుభవంతో లెక్క తేల్చకూడదని తెలుసు. అయినా ఆయన్ను చూసినప్పుడల్లా ఆ రాత్రి మేం వేసిన ఓటే గుర్తొచ్చేది.

పొట్ట గొట్టం సంగతి. ఎండోస్కోపీ సాయంతో పొట్ట మీద చిన్న రంధ్రం పెట్టి నేరుగా జీర్ణాశయంలోకి వేస్తారు. 1980 నుంచి ఉన్న పద్ధతి. నెల పైన గొట్టంతోనే తిండి అన్నప్పుడు ఎక్కువగా దీన్నే చెబుతారు. చొక్కా కింద దాగిపోతుంది, ముక్కు, గొంతు ఒరుసుకోవు. నిజం చెప్పాలంటే లెక్క ప్రకారం మాకు సరిపోయేది ఇదే. కానీ నాయన అన్నవాహిక ఎంత సన్నబడిందంటే ఎండోస్కోపీ గొట్టం దాన్ని దాటి పోలేదు. ఇక మిగిలింది చిన్న ఆపరేషన్‌తో పేగులోకి గొట్టం వేయడం. దానికి మత్తు కావాలి, ఆ ఊపిరితిత్తులతో మత్తంటే మాకే భయం వేసింది. పేగు గొట్టంలో తిండి ఒక్కసారిగా పోయకూడదు, చుక్కచుక్కగా గంటల తరబడి ఎక్కించాలి. మీ ఇంట్లో మనిషికి పొట్ట గొట్టం వేస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: పొరపాటున ఊడి వచ్చిందంటే "రేపు పొద్దున పోదాంలే" అనుకోవద్దు. కొన్ని గంటల్లోనే రంధ్రం మూసుకుపోవడం మొదలవుతుంది. కొత్తగా వేసిందైతే ఇంట్లో తిరిగి దూర్చే ప్రయత్నం అసలే చేయకూడదు.

అలా ఎవరికీ ఇష్టం లేని ముక్కు గొట్టమే మాకు మిగిలింది. ముక్కులోంచి జీర్ణాశయం దాకా పోయే గొట్టం, ఎండోస్కోపీ గొట్టం కన్నా సన్నం. ఆస్పత్రిలో అందరూ రైల్స్ ట్యూబ్ అంటారు. నాయనకు అది "రైలు ట్యూబు" అని వినపడింది. జాన్ ఆల్ఫ్రెడ్ రైల్ అనే బ్రిటిష్ డాక్టర్ 1921లో దాని గురించి రాశాడట, ఆ పేరే నిలిచిపోయింది. ఖర్చు తక్కువ, మత్తు అక్కర్లేదు, పది నిమిషాల్లో వేసేశారు. ఇబ్బంది మనసుకే. ఆటో ఎక్కితే చాలు, నాయన ముక్కు మీదికి తువ్వాలు లాక్కునేవాడు. గొంతులో ఎప్పుడూ ఏదో అడ్డం ఉన్నట్టే ఉండేదట. మామూలు ప్లాస్టిక్ గొట్టం ఎక్కువ రోజులు ఉంచకూడదు, నెలా నెలన్నర ఉండాలంటే మెత్తటి సిలికాన్ గొట్టం అడగండి.

నేను తప్పు చేసింది తిండి దగ్గర. మొదటి వారం అంతా పలచటి రాగిజావ పోశాను, రాగి బలం కదా అని. ఆయన బరువు ఇంకో రెండు కిలోలు పడిపోయింది. డైటీషియన్ కాగితం మీద లెక్క వేసి చూపించింది. గొట్టంలో దిగేంత పలచగా కాస్తే గ్లాసు జావలో పట్టే పిండి 20 గ్రాములు, అంటే సుమారు 65 కేలరీలు. రోజుకు ఎనిమిది గ్లాసులు పోసినా 520. నాయన బరువు 48 కిలోలు. కిలోకు 25 నుంచి 30 చొప్పున రోజుకు కనీసం 1,200 కావాలి, మాంసకృత్తులు 60 గ్రాముల దాకా కావాలి. నేను సగం ఆకలితో ఉంచానన్నమాట. అప్పటి నుంచి జావలో పాలపొడి, చెంచాడు నూనె, ఉడికించిన గుడ్డు తెల్లసొన, ఉడికిన పెసరపప్పు వేసి మిక్సీ పట్టి, పలచటి బట్టలో రెండుసార్లు వడగట్టేదాన్ని. పూటకు 200 మిల్లీలీటర్లు, రెండున్నర గంటలకోసారి. పోసేటప్పుడు కూర్చోబెట్టాలి, పోశాక కనీసం అరగంట పడుకోనివ్వకూడదు. ముక్కు దగ్గర గొట్టం మీదున్న గీత జరిగిందేమో ప్రతిసారీ చూసుకోవాలి. జరిగినా, దగ్గు ఆయాసం వచ్చినా ఏమీ పోయకుండా ఆస్పత్రికి ఫోన్ చేయాలి.

గొట్టం వేసినచోట ఇవేవీ సరిగా చెప్పి పంపలేదు. ఒక ఆదివారం రాత్రి మాత్ర నూరి జావలోనే కలిపి పోశాను, గొట్టం బిగుసుకుపోయింది. గోరువెచ్చటి నీళ్లు సిరంజిలోకి తీసుకుని మెల్లగా ముందుకూ వెనక్కూ లాగుతూ ముప్పావు గంట కూర్చున్నాను. నాయన నా మొహం చూసి "టెన్షన్ పడొద్దు పాపా, నాకేం ఆకలి కాలేదు" అన్నాడు. మాత్రల్ని విడిగా నీళ్లలో కలిపి ఇవ్వాలి, ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల నీళ్లు పోయాలి. నెమ్మదిగా కరిగే మాత్రలు కొన్ని ఉంటాయి, వాటిని అసలు నూరకూడదు. ఏవి అన్నది మందుల షాపులో కాదు, డాక్టర్నే అడగండి.

మూడో వారం నుంచి మంట ఎక్కువై ఉమ్మి కూడా మింగలేకపోయాడు. బెంచీ మీద మాతో కూర్చునేవాళ్లలో ఇద్దరు తిండి పోక, నీరసించి, మధ్యలో తలా ఒక వారం కరెంటు ఆపేశారు. నాయన 28 పూర్తి చేశాడు. ఆ గొట్టం మీద అంతవరకూ ఉన్న కోపం అప్పుడు పోయింది నాకు. ఖర్చు సంగతికొస్తే కరెంటు, కీమో ఆరోగ్యశ్రీ కింద జరిగాయి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. గొట్టం, స్టెంట్ అందులో వస్తాయా అన్నది వేయించే ముందే ఆరోగ్యమిత్ర దగ్గర తేల్చుకోండి.

నాలుగో దారి కూడా ఒకటుంది. రేడియేషన్‌ను లోపలి నుంచే, గడ్డ పక్కనే ఇచ్చేది. ఉపశమనం స్టెంట్ అంత తొందరగా రాదు కానీ ఎక్కువ కాలం నిలుస్తుంది. అన్నిచోట్లా దొరకదు.

కరెంటు అయిన ఆరు వారాలకు గొట్టం తీసేశారు. ఎనిమిది నెలలు మెత్తటి సంగటి, పప్పు నోటితోనే తిన్నాడు. ఈ మధ్య మళ్లీ అడ్డం పడుతోందంటే చూశారు, గడ్డ తిరిగి వచ్చింది. ఇంకోసారి కరెంటు కుదరదన్నారు. ఇప్పుడు మాత్రం డాక్టరే స్టెంట్ పేరెత్తారు, మంగళవారం వేస్తారు. బాగా నమలాలి, నాలుగు ముద్దలకోసారి నీళ్లు తాగాలి, పీచున్న ఆకుకూర, మాంసం ముక్కలు వద్దు అని చెప్పుకుంటూ పోతుంటే నాయన మధ్యలో అడ్డం పడ్డాడు.

"ఉగ్గాణి?"

బాగా నానబెట్టి, మెత్తగా చేస్తే తినొచ్చట. పక్కన మిరపకాయ బజ్జీ మాత్రం వద్దన్నారు.