పులికాట్ ఫ్లెమింగో సైకిల్ టూర్‌కి డబ్బు కట్టబోతున్నారా? ఆగండి

చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్ళందరికీ చెబుతున్నాను. పులికాట్ శాంక్చురీలో గైడెడ్ సైకిల్ టూర్ అంటూ ఇన్‌స్టాలో గులాబీ రెక్కల వీడియో ఒకటి తిరుగుతోంది కదా, దాని గురించే ఇది. పేరు రాయను. వీడియో చూసినవాళ్ళకి ఎవరో తెలిసిపోతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఇప్పటికీ ఫార్వర్డ్ చేస్తూనే ఉన్నారు, అందుకే ఇంటికి రాగానే కూర్చుని రాస్తున్నాను.

మనిషికి 2,800. మా వారు, మామయ్యగారు, మా అమ్మాయి, నేను కలిసి 11,200 ముందే కట్టాం. సైకిల్, హెల్మెట్, బైనాక్యులర్, పక్షుల గురించి చెప్పే నేచురలిస్ట్, ఫారెస్ట్ పర్మిషన్, టిఫిన్, చివర్లో బోట్ రైడ్, అన్నీ అందులోనే అన్నారు. సైకిళ్ళ సంగతి వదిలేస్తాను. బ్రేకులు సరిగా పడలేదు. సీమతుమ్మ ముల్లు దిగి ఒక సైకిల్ పంక్చరైతే ప్యాచ్ వేయడానికి సామాను లేదు. అందరికీ కలిపి ఒకే బైనాక్యులర్. ఇంతవరకే అయితే నేను ఈ పోస్టు పెట్టేదాన్ని కాదు.

అన్నామలైచేరి వైపు రోడ్డు దిగి సరస్సు అంచుకి తీసుకెళ్ళారు. పైన ఎండి పెచ్చు కట్టిన నేల, కింద అంతా నల్ల బురద. చక్రాలు దిగబడుతుంటే సైకిళ్ళు అక్కడే పడేసి నడవమన్నారు. నడిచాం. ఎదురుగా లోతులేని నీళ్ళలో వందల ఫ్లెమింగోలు మేస్తున్నాయి. మామయ్యగారిది సూళ్ళూరుపేట దగ్గర పల్లె. ఇదే సరస్సుని అవతలి ఒడ్డు నుంచి చూస్తూ పెరిగిన మనిషి. ఆయనే మనవరాలికి చెప్పడం మొదలుపెట్టారు: అవి తలని కిందికి వంచి ముక్కుని తిరగేసి నీళ్ళలో పెడతాయని, నీటిని లాగి బయటికి నెట్టేస్తూ సన్నటి మేతని వడగట్టుకుంటాయని, కాళ్ళతో బురద తొక్కేది కూడా ఆ మేత పైకి లేవడానికేనని. నేచురలిస్ట్ అని మాతో పంపిన గైడ్ నోటి నుంచి మాత్రం పక్షి గురించి ఒక్క ముక్క రాలేదు.

మా అమ్మాయి అలాగే కళ్ళప్పగించి చూస్తోంది. ఇంతలో ఆ గైడ్ "అందరూ ఫోన్లు రెడీగా పెట్టుకోండి, వీడియో ఆన్ చేయండి" అన్నాడు. ఎందుకో మాకు అర్థం కాలేదు. అతను ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని నీళ్ళలోకి దిగాడు. ఒక చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా మూత, ఇంకో చేతిలో సైకిల్ పంపు. పక్షులకి బాగా దగ్గరికి వెళ్ళి, కేకలు పెడుతూ పంపుతో మూత మీద టంగు టంగుమని బాదాడు. మెడలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. ఫ్లెమింగో నిలబడ్డ చోటు నుంచి చటుక్కున ఎగరలేదు, నీళ్ళ మీద కొంత దూరం పరిగెత్తాకే గాల్లోకి లేస్తుంది. అవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పరిగెత్తాయి. కొన్ని లేచి, కొంచెం అవతల మళ్ళీ దిగబోతే బురదగడ్డలు తీసి విసిరాడు. పంక్తిలో భోజనానికి కూర్చున్నవాళ్ళని విస్తళ్ళ ముందు నుంచి లేపి తరిమేసినట్టుంది నా ప్రాణానికి. "అమ్మా, అవి తింటున్నాయి కదా, ఎందుకు కొడుతున్నాడు?" అని మా అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. ఆ గులాబీ రెక్కల వీడియో ఎలా తీశారో అప్పుడు తెలిసింది మాకు.

మా వారు వెళ్ళి ఆపమన్నారు. "ఎగిరితేనే కదా సార్ ఫోటో. నిలబడ్డ కొంగని చూడ్డానికా ఇంత డబ్బు కట్టారు?" అన్నాడు. మామయ్యగారు "తప్పు బాబూ, వాటి జోలికి పోకూడదు" అని మెల్లగా చెప్పబోతే, ఆయన వయసైనా చూడకుండా "పెద్దాయనా, ఎండ ఎక్కువైంది, వెళ్ళి వ్యాన్‌లో కూర్చో" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫారెస్ట్ పర్మిషన్ కాగితం చూపించమన్నాను. "మీరేమైనా ఫారెస్ట్ ఆఫీసరా మేడమ్?" అన్నాడు. కాగితం లేదు. అంటే దాని పేరు చెప్పి తీసుకున్న డబ్బు కూడా మోసమే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 27వ సెక్షన్ శాంక్చురీలో జంతువుల్నీ పక్షుల్నీ వేధించకూడదని సూటిగా చెబుతోంది. చట్టం దాకా ఎందుకు, ఇదే చెన్నైకి దగ్గర్లో వేడంతాంగల్ పక్షుల శాంక్చురీ ఉంది. అక్కడి పల్లెవాళ్ళు గూళ్ళలోని పక్షులు బెదురుతాయని దీపావళికి టపాసులు కాల్చడం మానుకున్నారు. వాళ్ళకి ఎవరూ టికెట్ డబ్బులివ్వలేదు. పక్షుల పేరు చెప్పి వేలు వసూలు చేసేవాడు చేసే పని ఇదా?

అంతటితో అయిపోలేదు. బోట్ రైడ్ అని ఒక జాలరి ఫైబర్ పడవ దగ్గరికి తీసుకెళ్ళారు. ఒక్క లైఫ్ జాకెట్ లేదు. 2011లో క్రిస్మస్ రోజు పళవేర్కాడులో (పులికాట్‌కి తమిళ పేరు అదే) విహారానికి వెళ్ళిన పడవ బోల్తా పడి 22 మంది చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ షికారు పడవలు నిషేధించారు. చెన్నైలో ఉండేవాళ్ళు ఎవరూ మరిచిపోలేని సంగతి అది. పిల్లలున్న గుంపుని అదే నీళ్ళ మీదికి ఎక్కించబోయారు. మేం ఎక్కలేదు, మాతోపాటు ఇంకో కుటుంబాన్ని కూడా ఎక్కనివ్వలేదు.

సాయంత్రం ఓనర్‌కి ఫోన్ చేశాను. సారీ చెబుతాడనుకున్నాను. "మిగతావాళ్ళంతా హ్యాపీ మేడమ్, మీ ఒక్కరికే ప్రాబ్లం. రిఫండ్ పాలసీ లేదు" అన్నాడు. పక్షుల్ని తరిమిన సంగతి అడిగితే, "అవి మళ్ళీ రేపు వస్తాయి" అని పెట్టేశాడు. కాసేపటికి మమ్మల్ని వాట్సాప్ గ్రూపులోంచి తీసేసి నంబర్ బ్లాక్ చేశారు.

మీకు ఫ్లెమింగోలే చూడాలనుంటే వీళ్ళెవరూ అక్కర్లేదు. చెన్నై నుంచి సూళ్ళూరుపేటకి లోకల్ రైలుంది. అక్కడి నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. సీజన్లో రోడ్డు మీద నిలబడే చూడొచ్చు, వాటి దగ్గరికి పోనక్కర్లేదు. నేలపట్టు పక్షుల శాంక్చురీ కూడా ఆ పక్కనే. ఏ టూర్ అయినా సరే, పర్మిషన్ కాగితం ఫోటో ముందే పంపమనండి, పంపకపోతే డబ్బు కట్టొద్దు. ఇప్పటికే మోసపోయినవాళ్ళు కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టండి. మీరుండే జిల్లా కన్జ్యూమర్ కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా ఉండదు.

నేను ఫారెస్ట్ వాళ్ళకి రాతపూర్వకంగా ఇస్తున్నాను. అతను మూత బాదుతున్నప్పుడు నేను వీడియో తీయలేదు, కానీ ఆ రోజు మాతో వచ్చినవాళ్ళలో చాలామంది తీశారు. ఇది మీ దాకా వస్తే ఆ వీడియోని దయచేసి కత్తిరించకుండా నాకు పంపండి. మీ పేరు ఎక్కడా బయటపెట్టను.