ఒక్కసారే చెల్లే భోజన కూపన్: హోలోగ్రామా, నంబరు చీటీయా, గీకే అంకెలా, క్యూఆర్ కోడా – ఏది మేలు?

హైదరాబాద్‌లోని ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో రోగుల వెంట వచ్చి, వార్డుల బయట వరండాల్లోనే రోజులు గడిపే అటెండెంట్లకు ఒక పూట భోజనం అందించే చిన్న బృందంలో నేను కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. మేము స్వయంగా వండి పెట్టడం లేదు. కాగితపు కూపన్ ఇస్తాము. దానిని దగ్గరలోని మెస్‌లో ఇస్తే భోజనం పెడతారు. నెలాఖరున మెస్ వారు తమకు చేరిన కూపన్లను అప్పగించి మా దగ్గర డబ్బు తీసుకుంటారు. ఒక నెల మేము పంచిన వాటికంటే తిరిగి వచ్చినవి ఎక్కువగా ఉన్నాయి. నంబర్లు సరిచూస్తే కొన్ని రంగు జిరాక్సు ప్రతులని తేలింది. మరికొన్ని మాత్రం నిఖార్సయిన మా కూపన్లే. అంతకుముందు నెలలో మేమే డబ్బు చెల్లించి, కట్టగట్టి, తాళం లేని గదిలో ఒక మూల పడేసినవి. ఎవరు తీశారో మాకు తెలియలేదు, తెలుసుకోవాలని పట్టుపట్టలేదు కూడా. కానీ ఆ డబ్బుతో మరి కొందరి ఆకలి తీరవలసింది కదా అన్న బాధ నన్ను వదలలేదు. అందుకే నాలుగు పద్ధతులను పక్కపక్కన పెట్టి పరిశీలించాము.

పోలికకు ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఆ నెల మాకు ఎదురైనవి ఒకటి కాదు, రెండు వేర్వేరు మోసాలు. నకలు తీయడం ఒకటి. అసలు కూపన్‌నే రెండోసారి వాడడం మరొకటి. కాగితం ఎంత గొప్పదైనా తాను అసలుదని మాత్రమే చెప్పగలదు. తాను ఇంకా ఖర్చు కాలేదని దానంతట అది చెప్పలేదు. ఆ రెండో సంగతి తెలియాలంటే కాగితం మీద చెరగని గుర్తు పడాలి, లేదా చెల్లిన నంబరును ఎక్కడో ఒకచోట రాసి ఉంచాలి. ఇంతకు మించి మూడో దారి నాకు కనబడలేదు.

హోలోగ్రామ్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే ప్రింటింగ్ ప్రెస్‌కు వెళ్లి ‘దొంగ కూపన్లు రాకూడదు’ అని అడిగితే అందరూ మొదట చూపించేది అదే. వెండిరంగులో మెరిసే స్టిక్కరు, కంటికి కనబడనంత చిన్న అక్షరాలు, జిరాక్సు తీస్తే ‘చెల్లదు’ అన్న మాట పైకి తేలే నేపథ్యపు గీతలు, అతినీలలోహిత కాంతిలో మాత్రమే మెరిసే సిరా – ఇవన్నీ నకలును అడ్డుకునేవే. వీటిలో చివరిది మాకు కొంత నచ్చింది, అయితే దానికీ ఒక చిక్కు ఉంది. బజారులో దొరికే మామూలు తెల్ల కాగితంలో తెల్లదనం పెంచే రసాయనాలు కలుపుతారు కనుక, ఆ కాంతి పడగానే కాగితం మొత్తం నీలంగా మెరిసి సిరా గుర్తు అందులో కలిసిపోతుంది. అందుకే భద్రతా ముద్రణకు అలా మెరవని ప్రత్యేక కాగితం వాడతారు. ఆ ఖర్చంతా పెట్టినా, మా గది మూలనుంచి తిరిగి వచ్చిన కూపన్లను అది ఆపగలిగేది కాదు. వాటి మీద హోలోగ్రామ్ ఉండి ఉంటే మేము మరింత నమ్మకంగా రెండోసారి డబ్బు చెల్లించి ఉండేవాళ్లం. కాబట్టి పునర్వినియోగం విషయంలో హోలోగ్రామ్‌కు నేను సున్నా మార్కులే వేస్తాను.

రెండోది కౌంటర్‌ఫాయిల్ ఉన్న నంబరు చీటీ. పుస్తకంలో సగం మా దగ్గర ఉంటుంది, సగం చించి ఇస్తాము, రెండింటి మీదా ఒకే నంబరు ఉంటుంది. చూడడానికి పాతకాలపు పద్ధతే అయినా ఇందులో ఆలోచించవలసినది చాలా ఉంది, ఎందుకంటే దీని బలమంతా కాగితంలో కంటే దానిని రద్దు చేసే విధానంలో ఉంది. తపాలా బిళ్లల చరిత్రే దీనికి సాక్ష్యం. 1840లో బ్రిటన్ తొలి తపాలా బిళ్లను నల్లరంగులో అచ్చువేసి, దాని మీద ఎర్రసిరాతో ముద్ర కొట్టింది. ఆ ఎర్రసిరాను జనం తుడిచేసి బిళ్లను మళ్లీ వాడే ప్రమాదం ఉందని తేలడంతో, మరుసటి ఏడాదే బిళ్లను ఎరుపుకూ ముద్రను నలుపుకూ మార్చవలసి వచ్చింది. బిళ్లకు నకలు చేయడం ఎంత కష్టమైనా, రద్దు ముద్ర చెరిగిపోతే ప్రయోజనం లేదన్నమాట. మన దేశంలో 1870 నాటి కోర్టు ఫీజుల చట్టం ఈ విషయంలో మరింత ముందుచూపు చూపించింది. దాని 30వ సెక్షన్ ప్రకారం, స్టాంపు మీది తలబొమ్మను పంచ్‌తో తొలగించి, విలువ తెలిపే అంకెను మాత్రం చెక్కుచెదరకుండా ఉంచి, తొలగించిన ముక్కను కాల్చివేయాలి లేదా మరోవిధంగా నాశనం చేయాలి. ఈ ఒక్క వాక్యంలో కూపన్ తయారీకి కావలసిన పాఠమంతా ఉందని నా అభిప్రాయం: లెక్కకు పనికొచ్చే భాగం మిగలాలి, చెల్లుబాటునిచ్చే భాగం పోవాలి, పోయినది తిరిగి అతికించడానికి దొరకకూడదు.

సిరాను కడగవచ్చు, వేడికి మాయమయ్యే సిరా పెన్నులు కూడా బజారులో దొరుకుతున్నాయి, రబ్బరు స్టాంపు ముద్ర సరిగా పడకపోవచ్చు. కాగితానికి పడిన రంధ్రాన్ని మాత్రం ఎవరూ పూడ్చలేరు. అందుకు ఖరీదైన పరికరమూ అక్కరలేదు; ఏ స్టేషనరీ దుకాణంలోనైనా దొరికే పంచ్ చాలు, ఎందుకంటే రద్దు గుర్తును దొంగతనంగా వేసుకుని లాభపడేవారు ఉండరు. ఇక్కడ తేల్చుకోవలసిన అసలు ప్రశ్న, పంచ్ ఎవరి చేతిలో ఉండాలన్నది. మెస్ డబ్బాలో పడిన కూపన్ మళ్లీ బయటికి పోతే నష్టపోయేది మెస్ యజమాని. ఒకే కూపన్‌కు రెండు భోజనాలు పెట్టవలసి వస్తుంది. కనుక పళ్లెం అందించే చోట, తినేవారి ఎదుటే మొదటి రంధ్రం వేయించడం ఆయనకే మేలు. మాకు చేరిన తరువాత అదే కూపన్ మళ్లీ మెస్‌కు పోతే నష్టపోయేది మేము. అందుకే డబ్బు లెక్కపెట్టే రోజున రిజిస్టరులో నంబరు కొట్టివేసి, మూల కత్తిరించే పని మాది. నష్టం ఎవరిదో రద్దు చేసే అధికారం వారికే ఇచ్చినప్పుడు ఎవరిమీదా నిఘా పెట్టనవసరం లేకుండా పద్ధతి సాగుతుంది.

ఈ చీటీకి ఉన్న లోపం నకలు. వరుస నంబర్లు ఉన్నంత మాత్రాన జిరాక్సు ఆగదు. ఒకే నంబరు రెండుసార్లు వచ్చిందని నెలాఖరున తెలుస్తుంది గానీ, అప్పటికి రెండు భోజనాలూ అయిపోయి ఉంటాయి. దీనికి మాకు దొరికిన ఉపాయం పాతబస్తీలో, పెళ్లి పత్రికల అచ్చుకు పేరుపడ్డ ఛత్తా బజార్‌లో దొరికింది. అక్షరాలను కాగితం మీద ఒత్తి అచ్చువేసే పాత యంత్రం మీద నంబరింగ్ చేయిస్తే అంకె కాగితంలోకి దిగుతుంది. వెనుక వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది. జిరాక్సులో రంగు వస్తుంది గానీ ఆ ఒత్తిడి రాదు. చదువురాని వడ్డనమనిషి కూడా బొటనవేలితో తేల్చగల పరీక్ష ఇది. దీనికి తోడు వారానికొక రంగు కాగితం వాడి, ఆ వారం దాటితే చెల్లదని అచ్చువేయిస్తే, నకలు తయారుచేసేవారికి దొరికే వ్యవధి బాగా తగ్గిపోతుంది.

మూడోది, ఫోన్ రీఛార్జి కార్డుల కాలం నుంచి మనకు అలవాటైన గీకే పూత. దీనిలో నాకు నచ్చిన గుణం ఏమిటంటే, రెండు మోసాలకూ ఒకేసారి సమాధానం చెబుతుంది. పూత చెదరకుండా ఉంటే కూపన్ వాడలేదని అర్థం. పూత కింది అంకెలు జిరాక్సులో రావు. ఒకసారి గీకితే మళ్లీ మొదటిలా కాదు. అయితే ఆ అంకెలను సరిచూసుకునే జాబితా మెస్‌లో ఉండాలి. అంకెల ఎంపికలో కూడా జాగ్రత్త అవసరం. వెయ్యి కూపన్లకు నాలుగంకెల సంఖ్యలు మాత్రమే ఇస్తే, మొత్తం పదివేల సంఖ్యల్లో వెయ్యి చెల్లేవే కనుక, గుడ్డిగా చెప్పినా పదింట ఒకటి తగులుతుంది. అదే నాలుగంకెల సంఖ్యను పైన కనబడే వరుస నంబరుకు జతచేస్తే, ఆ నంబరుకు సరిపోయేది పదివేలలో ఒక్కటే అవుతుంది. ఇక తయారీలో కాగితం పలుచనైతే దీపానికి అడ్డుపెట్టి అంకెలు చదవవచ్చు. కింద నున్నని పూత లేకుండా అచ్చువేస్తే గీకినప్పుడు అంకెలు కూడా ఊడిపోతాయి. చిన్న సంఖ్యలో చేయించేవారికి ప్రెస్‌వారు గీకే స్టిక్కర్లు అంటిస్తారు. అటువంటి స్టిక్కరు ఎవరైనా కొని పాతదాని మీద అంటించవచ్చు కనుక, స్టిక్కరు మీదుగా కాగితం మీదికి పాకే ముద్ర ఒకటి లేకపోతే అది నిరుపయోగం. పంపిణీ కేంద్రాలూ మెస్‌లూ అనేకం ఉండి, ఒకరికొకరు పరిచయం లేని చోట ఈ పద్ధతి చీటీ కంటే మెరుగని ఒప్పుకుంటాను.

నాలుగోది క్యూఆర్ కోడ్. మా బృందంలోని యువకులు మొదట దీనినే కోరారు, వారి వాదనలో బలం ఉంది: స్కాన్ చేసిన క్షణంలోనే నంబరు రద్దవుతుంది, నెలాఖరు వరకు ఆగనవసరం లేదు, ఎన్ని మెస్‌లు ఉన్నా లెక్క ఒక్కచోటే ఉంటుంది. కానీ ఆ నల్లచుక్కల చతురస్రానికి నకలుకూ అసలుకూ తేడా లేదు. మొదట వచ్చినది చెల్లుతుంది, తరువాత వచ్చినది చెల్లదు. కూపన్‌ను ఎవరో ఫోన్‌లో ఫొటో తీసుకుని ముందే భోంచేస్తే, అసలు కాగితం పట్టుకుని వరుసలో నిలబడిన ముసలమ్మను వెనక్కి పంపవలసి వస్తుంది. కోడ్‌లో ఎంత కఠినమైన డిజిటల్ సంతకం ఉన్నా అది మేము ఇచ్చిన కోడే అని రుజువు చేస్తుందే తప్ప, పట్టుకొచ్చిన వారికే ఇచ్చామని రుజువు చేయదు. లెక్క తప్పకుండా ఉండడానికి ఆకలితో ఉన్న మనిషిని దొంగగా చూడవలసి రావడం నాకు సమ్మతం కాదు. పైగా మా మెస్ సెల్లార్‌లో ఉంది, అక్కడ సిగ్నల్ అందదు. నెట్ లేనప్పుడు స్కాన్ చేస్తే పాత జాబితాతోనే సరిచూస్తుంది, అంటే అసలు ప్రయోజనమే పోతుంది. పూత కింద క్యూఆర్ కోడ్‌ను దాచితే ఈ ఆక్షేపణల్లో మొదటిది తొలగిపోతుంది, సిగ్నల్ సంగతి మిగిలే ఉంటుంది.

ఒకే మెస్, రోజుకు కొన్ని వందల భోజనాలు, చదువూ ఫోనూ అంతగా లేని మనుషులు – ఇది మా పరిస్థితి. అందుకే కౌంటర్‌ఫాయిల్ చీటీనే ఎంచుకున్నాము. ఇప్పుడు మా కూపన్ మందపాటి కాగితం మీద, వారానికొక రంగులో, ఒత్తి వేసిన ఎర్రటి నంబరుతో ఉంటుంది. మధ్యలో ఒక వలయంలో ‘చెల్లుతుంది’ అన్న మాట ఉంటుంది, మెస్‌లో పంచ్ పడేది సరిగ్గా దాని మీదే. నెలాఖరున నంబర్లు కొట్టివేశాక కత్తిరించిన కూపన్లను ఏడాదిపాటు తాళం వేసిన పెట్టెలో ఉంచుతున్నాము. త్వరలో రెండో మెస్ చేరబోతోంది. దానికి ఇచ్చే పుస్తకాల నంబర్ల ముందు వేరే అక్షరం అచ్చువేయించి, వారి చేతికి చదరపు రంధ్రం వేసే పంచ్ ఇవ్వాలని నిర్ణయించుకున్నాము.